షెడ్డు కబుర్లు: ప్లగ్గు చెప్పిన సాక్ష్యం

పోయిన సంచికలో బ్యాటరీ గురించి రాస్తే చాలామంది మెచ్చుకున్నారు. సంతోషం. కాని మొన్న ఉగాది భోజనాల దగ్గర ఒక సోదరి నన్ను నిలేశారు. "ఎప్పుడూ మా ఆయన నడిపే బండి గురించే రాస్తారేమిటండీ? మా అబ్బాయి నడిపే బండి గురించి రాయండి. వాడు కొన్న కారు కంటే దానికి చేయించిన ఖర్చే ఎక్కువైంది!" అన్నారు. పక్కనున్న మరో ఇద్దరు తల్లులు వడ్డన మానేసి మరీ తలూపారు. ఆ మాట విన్నాక, ఈ సంగతి మా ఇంట్లోనే జరిగింది కదా, ఎందుకు రాయకూడదు అనిపించింది.

మీకు తెలుసు, మేము తరాలుగా బీదరులో ఉన్నవాళ్ళం. 1956 దాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. రాష్ట్రం మారింది గాని మా ఇంటి భాష మారలేదు. బజారులో కన్నడం, ఉర్దూ, షెడ్డులో అన్నీ కలిపి, ఇంట్లో తెలుగు. నా చెల్లెలిని జహీరాబాదు ఇచ్చాం. దాని కొడుకు, అంటే నా మేనల్లుడు, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన దసరాకు ముందు చెల్లెలు ఫోను చేసింది.

"అన్నా, వాడు కారుకు ఏదేదో చేయిస్తున్నడు. మద్రాసు దిక్కు పోయి పందెంల తిప్పుతడంట. నా మాట వింటలేడు. నువ్వన్న జెప్పు."

పండక్కి వాడు రానే వచ్చాడు. ఎర్ర కారు, పెట్రోలు ఇంజను, టర్బో ఉన్నది. దిగుతూనే నా కాళ్ళకు దండం పెట్టి, చేతిలో చిన్న అట్టపెట్టె పెట్టాడు. "మామా, కొత్త ప్లగ్గులు. నీ చేత్తోనే బిగించాలె" అన్నాడు. వాడి వినయానికి మురిసిపోయి పెట్టె విప్పాను. నంబరు చూసేసరికి నా గుండె ఝల్లుమంది. ఎందుకో చెప్పాలంటే ముందు నా పాత తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నేను చేసిన తప్పు

నేను షెడ్డు పెట్టిన కొత్తలో, మా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని నాలుగేళ్ళు కూడా కాలేదు, ఒక బడిపంతులు గారు తమ మోటారు సైకిలు తెచ్చారు. టూ స్ట్రోకు బండి. పెళ్ళికని భార్యనూ చిన్నపిల్లనూ ఎక్కించుకుని ఎండాకాలంలో హైదరాబాదు దాకా పోవాలి. దూర ప్రయాణం, ఎండ, ముగ్గురి బరువు. ఇంజను వేడెక్కుతుంది కాబట్టి ఒక మెట్టు చల్లని ప్లగ్గు వెయ్యాలనుకున్నాను. ఆలోచన మంచిదే. కాని ఆ రోజుల్లోనే ప్లగ్గుల నంబర్ల పద్ధతి మారుతున్నది. పాత పద్ధతిలో 145, 175, 225 అని మూడంకెలు ఉండేవి. నంబరు పెరిగితే ప్లగ్గు చల్లన. కొత్త పద్ధతిలో ఒకటి రెండు అంకెలే. అందులో లెక్క తిరగబడింది, నంబరు పెరిగితే ప్లగ్గు వేడి. నేను పాత అలవాటు కొద్దీ పెద్ద నంబరు ఏరి బిగించాను.

జహీరాబాదు దాటకముందే బండి ఆగిపోయింది. పిస్టను నడినెత్తిన చిటికెనవేలు దూరేటంత బెజ్జం. పసిపిల్లతో ఆ దంపతులు మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన గంటల తరబడి నిలబడి, చివరికి ఒక లారీలో వెనక్కి వచ్చారు. పెళ్ళి దాటిపోయింది. పంతులు గారు నన్ను తిట్టలేదు. "నంబరు చూశావు నాయనా, అది ఎవరి నంబరో చూడలేదు" అన్నారు. కొత్త పిస్టను నా డబ్బుతో వేసి ఇచ్చాను. డబ్బు మరిచిపోయాను గాని ఆ మాట మరిచిపోలేదు.

ఇప్పుడు మా అల్లుడి పెట్టెలోనూ అదే కథ. వాడి కారులో కంపెనీవాడు వేసిన ప్లగ్గుది ఒక తయారీదారు 6వ నంబరు. వీడు తెచ్చింది వేరే తయారీదారు 8వ నంబరు. "రెండు మెట్లు చల్లన మామా" అని వాడి ధీమా. అసలు సంగతి ఏమిటంటే, ఆ రెండో లెక్కలో 8 అంటే ఇంకా వేడి ప్లగ్గు.

ముందు వేడి, చల్లన అంటే ఏమిటి

చాలామంది అనుకునేది, వేడి ప్లగ్గు అంటే మంట గట్టిగా వేస్తుంది, బండి జోరుగా పోతుంది అని. కానే కాదు. నిప్పురవ్వకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. హీట్ రేంజ్ అంటే, ప్లగ్గు తన కొనకు తగిలిన వేడిని ఎంత తొందరగా బయటికి పంపించగలదు అన్న లెక్క. అంతే.

ప్లగ్గు కొనలో నడిమి కమ్మీ చుట్టూ తెల్లని పింగాణీ ముక్కు ఉంటుంది. సిలిండరులో మండిన వేడి ఆ ముక్కుకు తగిలి, పింగాణీ వెంట పైకి పాకి, ఇనుప ఒంటిలోకి, అక్కడినుంచి మర చుట్ల ద్వారా, కింది వాషరు ద్వారా ఇంజను హెడ్డులోకి పోవాలి. హెడ్డులో తిరిగే నీళ్ళు ఆ వేడిని తీసుకుపోతాయి. పాతకాలపు పొడుగాటి ఇల్లు తలుచుకోండి. వెనక వంటింట్లో పొగ వీధరుగు దాకా రావాలంటే మూడు గదులు దాటాలి, ఈలోగా ఇల్లంతా ఉక్క. అదే ఒంటిగది ఇల్లయితే తలుపు తీస్తే చాలు, పొగ వీధిలో ఉంటుంది. పింగాణీ ముక్కు పొడుగైతే వేడికి దారి పొడుగు, కొన వేడిగా ఉంటుంది. అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిదైతే వేడి తొందరగా జారిపోతుంది. అది చల్లని ప్లగ్గు.

అయితే ఎప్పుడూ చల్లనిదే వేసుకుంటే సరిపోదా? పోదు. కొన సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు దాటితేనే దాని మీద పేరుకున్న మసి తనంతట తాను కాలిపోతుంది. అంతకంటే చల్లగా ఉంటే మసి గట్టిపడి, కరెంటు నిప్పురవ్వ కాకుండా ఆ మసి మీదుగా జారిపోతుంది. బండి తుమ్ముతుంది, పొద్దున్నే స్టార్టు కాదు. అటువైపు కొన సుమారు 850 డిగ్రీలు దాటిందంటే అది ప్లగ్గు కాదు, ఎర్రటి నిప్పుకణిక. కరెంటు వచ్చేదాకా ఆగదు. పిస్టను ఇంకా పైకి వస్తుండగానే పెట్రోలును అంటించేస్తుంది. వేళకాని మంట పిస్టను నెత్తిన గుద్దుతుంది, దానివల్ల ఇంకా వేడి, ఇంకా ముందుగా మంట. కొన్ని క్షణాలలో పిస్టను కరిగిపోతుంది. పంతులు గారి బండికి జరిగింది ఇదే.

కాబట్టి 450కీ 850కీ మధ్య ప్లగ్గును కూర్చోబెట్టడమే ఈ విద్య అంతా. ఒక్కొక్క మెట్టు మారితే కొన వేడి సుమారు 70 నుంచి 100 డిగ్రీలు మారుతుంది. అంటే రెండు మెట్లు తప్పు దిక్కుకు పోయామంటే ఎంత తేడానో మీరే లెక్క వేసుకోండి.

టర్బో వస్తే లెక్క ఎందుకు మారుతుంది

టర్బో అంటే సైలెన్సరు దారిన వృథాగా పోయే పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాని ఇరుసుకే తగిలించిన మరో చక్రంతో గాలిని ఇంజనులోకి దట్టించే యంత్రం. నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. ఈ ఊహకు 1905లోనే స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ పేటెంటు తీసుకున్నాడు. పందెం కార్లలో దీని కష్టాలు లోకమంతా చూసింది 1977లో. రెనో కంపెనీ మొట్టమొదటి టర్బో ఫార్ములా వన్ కారును ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో దింపితే, అది మాటిమాటికీ పొగలు కక్కి ఆగిపోయేది. జనం దానికి పచ్చ టీ కెటిల్ అని పేరు పెట్టారు. అదే కంపెనీ పట్టు విడవకుండా 1979లో ఫ్రాన్సు పందెం గెలిచింది. రెండేళ్ళు వాళ్ళు పోరాడినది ముఖ్యంగా వేడితోనే.

లెక్క చూడండి. మామూలు ఇంజను పీల్చే గాలి ఒత్తిడి సముద్రమట్టాన సుమారు 1 బారు. టర్బో దాని మీద ఇంకో 1 బారు దట్టిస్తే, దాదాపు రెట్టింపు గాలి, రెట్టింపు పెట్రోలు, ఆ మేరకు రెట్టింపు వేడి అదే చిన్న గదిలో పుడతాయి. పైగా దట్టించిన గాలి తానే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొడితే గొట్టం కాలడం మీకు తెలిసిందే. అందుకే మధ్యలో ఇంటర్‌కూలర్ అనే జల్లెడలాంటిది పెట్టి గాలిని చల్లార్చి పంపుతారు.

మా వాడి కారులో కంపెనీ పెట్టింది 0.9 బారు. వీడు హైదరాబాదులో ఎవరిచేతనో కంప్యూటరు మార్పించి 1.3 చేయించాడు. పెద్ద ఇంటర్‌కూలర్ వేయించాడు. 105 గుర్రాల ఇంజను 140 అయిందట. 1.9 నుంచి 2.3కి అంటే అయిదో వంతు గాలి ఎక్కువ. కాని ఊళ్ళో తిరిగితే ఈ అయిదో వంతు లెక్కలోకి రాదు. బీదరు చౌబారా దగ్గర ట్రాఫిక్కులో ఎవరైనా 1.3 బారు తొక్కగలరా? పందెపు బాట మీద మాత్రం ఇరవై నిమిషాల సేపు కాలు తీయరు. ప్లగ్గుకు ఊపిరాడనివ్వరు. అసలు పరీక్ష గుర్రాల సంఖ్య కాదు, ఎంతసేపు పరుగెత్తించారు అన్నది.

మామా అల్లుళ్ళ వాదన

"అయితే రెండు మెట్లు చల్లనిదే వేద్దాం మామా. ఎక్కువ చల్లనైతే నష్టమేముంది?"

"నీ బండి నెలకు ఒకరోజు పందెపు బాట మీద, ఇరవై తొమ్మిది రోజులు ఆఫీసు గేటు ముందర ఉంటది. రెండు మెట్లు దిగినవంటే ఆ ఇరవై తొమ్మిది రోజులు మసి మింగుతది."

ఇక్కడ మెకానిక్కులు చెప్పుకునే ఒక మోటు లెక్క ఉన్నది. ఇంజను శక్తి 75 నుంచి 100 గుర్రాలు పెరిగితే ఒక మెట్టు చల్లన చేయాలి అని. మా వాడు దాన్ని చదివాడు. "35 గుర్రాలే పెరిగినయి కద, అసలు మార్చుడే వద్దేమో" అని ఇంకో పక్కకు దూకాడు. కుర్రవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. ఆ లెక్క పెద్ద ఇంజన్లకు సరిపోతుంది. మనది నాలుగు చిన్న సిలిండర్ల ఇంజను. 105 మీద 35 అంటే మూడో వంతు పెరుగుదల. దాని మీద ఏకధాటి పరుగు. అన్నీ తూచి చూసి ఒక్క మెట్టు చల్లన అని తేల్చాను. అదే తయారీదారుది, అదే రకం, అదే పొడుగు, 6కు బదులు 7.

నంబర్ల సంగతి పాఠకులు కూడా ఒకసారి రాసి పెట్టుకోండి. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గులలో నంబరు పెరిగితే చల్లన. బాష్, ఛాంపియన్ ప్లగ్గులలో నంబరు పెరిగితే వేడి. పోనీ ఎన్‌జీకే, డెన్సో ఒకే దిక్కు కదా అంటే, అక్కడా అంకెలు వేరు. ఎన్‌జీకే 6 అన్నది డెన్సోలో 20, 7 అన్నది 22, 8 అన్నది 24. మన బెంగళూరు మైకో ప్లగ్గులు వాడిన తరానికి ఈ తికమక బాగా తెలుసు. 1951లో మొదలైన ఆ కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకుంది. ఒకరి నంబరును ఇంకొకరి నంబరుతో పోల్చాలంటే పట్టిక చూడాల్సిందే, నోటిలెక్క పనికిరాదు.

వాడు తెచ్చిన పెట్టె పక్కన పెట్టి, మంచి దుకాణంలో 7వ నంబరు నాలుగు తెప్పించాం. ఇంజను పూర్తిగా చల్లారాక విప్పాను. అల్యూమినియం హెడ్డు వేడిగా ఉండగా ప్లగ్గు విప్పితే మరలు ఊడి వస్తాయి. తొందరపడేవాళ్ళకు ఈ ఒక్క మాట చెప్పండి. గ్యాపు కూడా తగ్గించాను. దట్టమైన గాలిలో నిప్పురవ్వ దూకడం కష్టం, గ్యాపు ఎక్కువుంటే రవ్వ ఆరిపోతుంది. 0.8 మిల్లీమీటర్లు ఉన్నదాన్ని 0.65కి తెచ్చాను. ఎర్తు పట్టీని మాత్రమే నెమ్మదిగా వంచాలి. ఇరిడియం ప్లగ్గులో నడిమి సూదిని తాకనే కూడదు, పుటుక్కుమంటుంది. తర్వాత చేత్తో చివరిదాకా తిప్పి, వాషరు ఆనిన తర్వాత పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. బిగువు చాలకపోతే వేడి హెడ్డులోకి దిగదు. అప్పుడు చల్లని ప్లగ్గు కూడా వేడి ప్లగ్గే అవుతుంది.

ఇదంతా అయ్యాక మా ఆవిడ కాఫీ ఇస్తూ, "ఇంతకీ పోవద్దని చెప్పమంటే, దగ్గరుండి సాగనంపుతున్నారా?" అంది. ఏం చెప్పను? వద్దంటే మానడు, ఇంకెవరి దగ్గరికో పోతాడు. వీధుల్లో తొక్కే కంటే బాట మీద, అంబులెన్సు పెట్టుకుని, శిరస్త్రాణం పెట్టుకుని తొక్కడం మేలు. చెల్లెలికీ అదే చెప్పాను. అది ఒక్కటే షరతు పెట్టింది. "నువ్వు కూడ రావాలె, నేను కూడ వస్త."

ఇరుంగాట్టుకోట్టైలో

జనవరిలో బయలుదేరాం. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి పందెపు బాట ఉంది. చుట్టు 3.7 కిలోమీటర్లు. అంతకు ముందు షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద పందేలు జరిగేవి. వాటిని నడిపిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు 1953 నాటిది. మన బీదరు సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉంటుంది, గాలి కాస్త పలచన. చెన్నై పక్కన గాలి చిక్కన, పైగా ఉక్క. ఇంట్లో సరిపోయిందని అక్కడా సరిపోతుందనుకోకూడదు. అందుకే నా భూతద్దం, ప్లగ్గు పానా సంచిలో వేసుకున్నాను.

మొదటి ఇరవై నిమిషాలు మా వాడు బాగా నడిపాడు. ఇన్నాళ్ళు కడుపులో నిప్పులు పోసుకున్న మా చెల్లెలు కంచె పట్టుకుని, "వచ్చిండు, వచ్చిండు" అని ప్రతి చుట్టుకూ లెక్క పెట్టింది. చివరి చుట్టు గట్టిగా తొక్కి, నేను చెప్పినట్టు నెమ్మదిగా ఊరేగకుండా నేరుగా లోపలికి తెచ్చి ఆపాడు. చివర్లో మెల్లగా తిప్పితే ప్లగ్గు మీద గట్టి పరుగు గుర్తులు చెరిగిపోతాయి. వెనకటి మెకానిక్కులు పూర్తి వేగంలోనే ఇంజను ఆపేసి దొర్లించి తెచ్చేవారు. ఇప్పటి కార్లలో అలా చేస్తే బ్రేకు, స్టీరింగు బరువెక్కుతాయి. ఎవరూ రోడ్డు మీద ఆ పని చేయకండి.

చల్లారాక నాలుగూ విప్పి తెల్ల గుడ్డ మీద వరసగా పెట్టాను. మా బీదరులో బిద్రీ పని చేసేవాళ్ళు తుత్తునాగం, రాగి కలిపి పోసిన పాత్రకు వెండి పొదిగి, కోట మట్టినీ నవాసాగరాన్నీ కలిపి పూస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా మెరుస్తుంది. 2006లో ఆ కళకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ పనివాళ్ళు రంగు చూసి పని తెమిలిందో లేదో చెబుతారు. ప్లగ్గు చూడటమూ అంతే, కాకపోతే అక్కడ నలుపు అందం, ఇక్కడ నలుపు జబ్బు. పొడి మసిలా నల్లగా ఉంటే ప్లగ్గు మరీ చల్లన, లేదా పెట్రోలు ఎక్కువ. తడి నలుపైతే నూనె కాలుతున్నది. సున్నంలా తెల్లబడి, పింగాణీ మీద పొక్కులు లేస్తే మితిమీరిన వేడి. పాలు ఎక్కువ పోసిన టీ రంగులో, లేత బూడిద రంగులో ఉంటే ఆరోగ్యం.

ఒకటి, రెండు, నాలుగు లేత టీ రంగు. నా ఒక్క మెట్టు లెక్క సరిపోయిందని లోలోపల పొంగిపోయాను. మూడో సిలిండరు ప్లగ్గు భూతద్దం కింద పెట్టాను. పింగాణీ తెల్లగా ఉంది, దాని మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్య సూది మొనంత వెండి మెరుపులు. ఆ మెరుపు వెండి కాదు. పిస్టను అల్యూమినియం. లోపల పెట్రోలు క్రమంగా మండకుండా టపటపా పేలుతున్నదన్నమాట. నాకింగ్ అని మనం అనేది ఇదే. ఇంతకు ముందు చెప్పిన వేళకాని మంట నిప్పురవ్వకు ముందు పుడుతుంది. నాకింగ్ నిప్పురవ్వ తర్వాత పుడుతుంది. ఒకటి రెండోదాన్ని పిలుచుకొస్తుంది.

"మామా, ఇంకో మెట్టు చల్లని ప్లగ్గు వేస్తే? 8వ నంబరు దోస్తు దగ్గర ఉంది" అన్నాడు.

"ప్లగ్గు తప్పైతే నాలుగూ ఇట్లనే ఉండాలె. ఒక్కటే ఉన్నదంటే తప్పు ప్లగ్గుల లేదు, ఆ సిలిండర్ల ఉన్నది. ప్లగ్గు సాక్షి రా. సాక్షిని మారిస్తే నేరం మాసిపోదు. ఇయ్యాల్టికి చాలు, బండి ఆపు."

వాడి ముఖం మాడిపోయింది. కట్టిన రుసుము, తీసుకున్న సెలవు, అంత దూరం ప్రయాణం, చుట్టూ స్నేహితులు. ఇంకా మూడు పరుగులు మిగిలి ఉన్నాయి. "ఒక్కసారి మామా, మెల్లగ నడుపుత" అన్నాడు. బాట మీద మెల్లగా నడిపే కుర్రవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. నేను మాట్లాడలేదు. నలభై ఏళ్ళ కిందటి పంతులు గారి కథ మాత్రం చెప్పాను. అంతవరకు అది మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. వాడు కాసేపు ఆ మూడో ప్లగ్గును వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత తాళం చెవి తీసుకొచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు. చెల్లెలు ఏమీ అనకుండా పులిహోర డబ్బా విప్పింది.

బండిని లారీ మీద హైదరాబాదు తెచ్చాక, అక్కడి పనివాడు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ విప్పి కొలిచాడు. మూడోదాని నోరు చెత్తతో సగం పూడుకుపోయి, మిగిలిన మూడింటికంటే తక్కువ చిమ్ముతున్నది. గాలి అందరితో సమానం, పెట్రోలు తక్కువ. అందుకే ఆ ఒక్క గదిలోనే అగ్ని. ఊళ్ళో నడిపినన్నాళ్ళు ఆ తేడా బయటపడలేదు. కంపెనీ పెట్టిన 0.9 బారు వద్ద కూడా కొన్నేళ్ళు బయటపడకపోవచ్చు. 1.3 బారు, ఇరవై నిమిషాలు దాన్ని బయటికి లాగాయి. పిస్టను పైన సన్నని గరుకు తప్ప గాయం లేదు. ఇంజెక్టరు శుభ్రం చేసి, అదే 7వ నంబరు ప్లగ్గులు కొత్తవి వేశారు. ఇంకో పరుగు తిరిగి ఉంటే ఇంజను మొత్తం పోయేది. మా వాడి ఏడాది పొదుపు దాంట్లోనే ఉంది.

మన ఇళ్ళ కోసం

పందేలు మనకెందుకు అనుకునేవాళ్ళకు కూడా ఇందులో పనికివచ్చేవి ఉన్నాయి. ఇప్పుడు మామూలు కుటుంబాల కార్లలో కూడా చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లు వస్తున్నాయి కదా.

1. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన ప్లగ్గే వేయించండి. ఇంజనులో ఏ మార్పూ చేయించనప్పుడు వేడి, చల్లన అంటూ మార్చడం దండగ.

2. దుకాణంలో ఆ ప్లగ్గు లేదు, ఇది కూడా అదే అంటే నంబరు ఎవరిదో అడగండి, పట్టిక చూపించమనండి. మర పొడుగు కూడా అంతే ఉండాలి. ఎక్కువైతే పిస్టనుకు తగులుతుంది.

3. విప్పిన పాత ప్లగ్గులను మెకానిక్కు విసిరేయక ముందు అడిగి చూడండి. ఏ సిలిండరుది ఏదో వరసగా పెట్టించండి. నాలుగూ ఒకే రంగులో ఉంటే నిశ్చింత. ఒకటి వేరుగా ఉంటే కారణం వెతికించండి.

4. టర్బో బండిలో పెద్ద గేరులో, తక్కువ వేగంలో గట్టిగా తొక్కకండి. అప్పుడు కూడా వేళకాని మంట పుడుతుంది. అది ప్లగ్గు వల్ల కాదు, నూనె తుంపరల వల్ల. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్పీ అనే నూనె ప్రమాణం దాన్ని అరికట్టేందుకు కూడా ఉద్దేశించినది. పుస్తకంలో చెప్పిన నూనే పోయించండి.

5. పిల్లలు ఇంజను శక్తి పెంచుతామంటే ముందు ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు, నీళ్ళు, నూనె చూపించమనండి. ప్లగ్గు చివరి మాట, మొదటి మాట కాదు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. అన్నీ కరెంటు కార్లు, వాటిలో ప్లగ్గే లేదు. ఇంకొన్నేళ్ళకు ఈ విద్య నాతోనే పోతుందేమో. పోతే పోనీయండి. కాని ఏ యంత్రమైనా చెడిపోయే ముందు ఎక్కడో ఒకచోట చెప్పే ఉంటుంది. దాన్ని చూడటం, చూసినప్పుడు ఆగడం, ఈ రెండూ ఏ కాలంలోనైనా కావాలి.

మా అల్లుడు వచ్చే చలికాలం మళ్ళీ పోతాడట. ఆ మూడో ప్లగ్గు ఇప్పుడు వాడి బల్ల మీద ఉంది. చెల్లెలు అప్పుడప్పుడు దాన్ని కూడా తుడిచి పెడుతుందట.

వచ్చే సంచికలో వానాకాలం ముందు బ్రేకుల సంగతి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.